ఊరు, ఉర్, ఉరి: మాట కలిస్తే చుట్టరికమేనా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే దారిలో నడిచాయి. ఎక్కడో దూరదేశపు భాషలో అచ్చం తెలుగు మాటలాంటిది వినబడింది, అర్థం కూడా కలిసింది, మరి ఇద్దరిదీ ఒకే మూలమా అని. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: ఇరాక్ ప్రాంతపు ప్రాచీన భాష సుమేరియన్లో 'ఉరు' అంటే నగరమట. వాళ్ళకు 'ఉర్' అనే పట్టణం కూడా ఉండేది. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుల్లోని బాస్క్ భాషలో 'ఉరి' అంటే పట్టణమే. మన 'ఊరు'తో కలిపి ఈ మూడూ ఒక తల్లి బిడ్డలేనా?

కావు. అయితే ఏ ముడి ఎక్కడ జారిపోతుందో విడివిడిగా చూడాలి.

ముందు ఉర్ పట్టణం. దక్షిణ ఇరాక్‌లోని తెల్ ఎల్ ముకయ్యర్ దిబ్బ కిందున్నది అదే. సుమేరియన్లు దాన్ని 'ఉరిమ్' అనేవారు. ఆ ప్రాంతపు ఇంకో ప్రాచీన భాష అక్కాడియన్‌లో అది 'ఉరు' అయింది, బైబిల్లో 'ఉర్'గా మిగిలింది. నగరం అనే మామూలు మాటకు సుమేరియన్లు రాసే గుర్తు వేరు, ఈ పట్టణం పేరుకు రాసే గుర్తులు వేరు. కాబట్టి పట్టణం పేరును పక్కన పెట్టేయవచ్చు.

మిగిలింది నగరం అనే మాట. ఆ గుర్తును 'ఉరు' అనీ చదువుతారు, 'ఇరి' అనీ చదువుతారు. మీకు దొరికింది 'ఉరు' అని రాసిన పుస్తకం. 'ఇరి' అని రాసిన పుస్తకం చేతికొచ్చి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు! బాస్క్‌లోనూ ఇదే తంతు. అక్కడ 'హిరి', 'ఇరి' అనే రూపాలున్నాయి, 'ఉరి' పశ్చిమ మాండలికాలది. ఉన్న రూపాల్లో మన చెవికి నచ్చినదాన్ని ఏరుకుని, అదే అసలు రూపం అనుకోవడం ఈ పనిలో అందరికంటే ముందు చేసే పొరపాటు. (తెలుగులో 'ఉరి' అంటే ఏమిటో బాస్క్ వాళ్ళకు చెప్పకపోవడమే మంచిది.)

సరే, రూపం సంగతి వదిలేద్దాం. ఒక భాష ఇంకో భాషకు నిజంగా తోబుట్టువైతే ఒక్క 'ఊరు' మాత్రమే మిగిలి, కళ్ళూ చేతులూ నీళ్ళూ మాయమైపోవు. రోజూ నోట్లో నానే మాటలు తీసి చూడండి. సుమేరియన్లో నీరు 'అ', కన్ను 'ఇగి', చెయ్యి 'షు', తల 'సగ్', రెండు 'మిన్', మూడు 'ఎష్'. బాస్క్‌లో నీరు 'ఉర్', కన్ను 'బెగి', చెయ్యి 'ఎస్కు', తల 'బురు', రెండు 'బి', మూడు 'హిరు'. తమిళంలో ఇవే నీర్, కణ్, కై, తలై, ఇరండు, మూన్ఱు. తెలుగుతో ఏది కలుస్తోందో చెప్పనక్కర్లేదు.

'బురు' చూడగానే 'బుర్ర' గుర్తొచ్చిందా? ఈ ఆటలో ఉన్న మత్తు అదే. 'బుర్ర' అంటే ముందు ఎండిన సొరకాయలాంటి డొల్ల, ఆ పోలికతో తర్వాత పుర్రె, తల. ఇంకా ముందుకెళితే బాస్క్‌లో 'ఉర్' అంటే నీరు, తెలుగులో 'ఊరు' క్రియకు నీరు చెమర్చడమని అర్థం (ఊట, ఊటబావి). జర్మన్‌లో 'ఊర్' అంటే గడియారం. అది లాటిన్ 'హోరా' నుంచి వచ్చింది. అర్థాన్ని కాస్త సాగదీస్తే ప్రతి మాటకూ ఎక్కడో ఒకచోట జోడీ దొరుకుతుంది.

పోనీ తోబుట్టువు కాదు, ఎరువు తెచ్చుకున్న మాట అనుకుంటే? దానికి దారి చూపించాలి. సుమేరియన్ జనం నోట మాట్లాడే భాషగా క్రీ.పూ. 2000 ప్రాంతానికే చల్లారిపోయింది. తమిళ శాసనాలు మొదలయ్యేది క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి. మధ్యలో 1700 ఏళ్ళకు పైగా ఖాళీ. ఆ ఖాళీని దాటించే ఇంకో భాషలోని సాక్ష్యం ఏదీ లేకుండా ఒంటరి మాటను నమ్మలేం. వర్తకంతో తిరిగే వస్తువు పేరైతే వేరే సంగతి, దాని వెంట సరుకు ఉంటుంది. ఊరిని ఎవరూ ఓడలో వేసుకుపోరు.

ప్రశ్న: గ్రీసులో మంచినీళ్ళను 'నెరో' అంటారట. మన 'నీరు'కు ఇంత దగ్గరగా ఉన్నది కూడా కాకతాళీయమేనా?

కాకతాళీయమే. కానీ దీని వెనక కథ ఎంత బాగుంటుందంటే, అబద్ధపు చుట్టరికం కంటే అసలు సంగతే రుచిగా ఉంటుంది.

ప్రాచీన గ్రీకులో నీటికి మాట 'హుదోర్'. హైడ్రోజన్, హైడ్రాలిక్ లాంటి మాటల్లో ఉన్నది అదే. 'నెఆరోస్' అంటే కొత్తది, తాజాది. 'నెఆరోన్ హుదోర్' అంటే తాజా నీళ్ళు. వాడుకలో 'నెఆరోన్' కుదించుకుపోయి 'నేరోన్' అయింది. క్రీ.శ. 2వ శతాబ్దపు వ్యాకర్త ఫ్రునిఖోస్ 'నేరోన్ హుదోర్' అనకూడదని శిష్టభాష నేర్చుకునేవాళ్ళను మందలించాడు. పండితుడు వద్దన్నాడంటే జనం అప్పటికే బాగా వాడుతున్నారన్నమాట. క్రమంగా 'హుదోర్' రాలిపోయి, విశేషణం ఒక్కటే నీళ్ళకు పేరై నిలిచింది. అదే నేటి 'నెరో'. ఫ్రునిఖోస్ ఓడిపోయాడు.

అంటే 'నెరో'లో అసలు నీళ్ళే లేవు, ఉన్నది 'తాజా' మాత్రమే. 'నెఆరోస్'కు వేరు 'నెఓస్'. లాటిన్ 'నోవుస్', ఇంగ్లీషు 'న్యూ', సంస్కృతం 'నవ' దాని తోబుట్టువులు. కాబట్టి తెలుగులో 'నెరో'కు చుట్టం వెతకాలంటే 'నీరు' దగ్గర కాదు, సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'నవీనం' దగ్గర వెతకాలి. ఇక వదిలేసిన 'హుదోర్' ఉందే, అది సంస్కృత 'ఉదకం'కూ ఇంగ్లీషు 'వాటర్'కూ బంధువు.

మన 'నీరు' వైపు చూస్తే తమిళం 'నీర్', కన్నడం 'నీరు' సరే, బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీలో అదే మాట 'దీర్'. బ్రాహుయీ కూడా ద్రావిడ భాషే. అక్కడ ఇ, ఎ లాంటి అచ్చుల ముందు కొన్ని మాటల్లో 'న' కాస్తా 'ద' అయింది. 'నెత్తురు'కు బ్రాహుయీ మాట 'దితర్' కావడం చూస్తే మార్పు తీరు తెలుస్తుంది. 'నీ' అనే సర్వనామం మాత్రం మారకుండా నిలిచింది. మొత్తానికి సొంత చుట్టం 'దీర్' కంటే పరాయి 'నెరో'యే చెవికి దగ్గరగా వినిపిస్తోంది. ఈ శాస్త్రంలో చెవిని సాక్షిగా పిలవకపోవడానికి కారణం ఇదే.

ప్రశ్న: కొరియన్ సీరియళ్ళలో అమ్మను 'ఒమ్మా', నాన్నను 'అప్పా' అంటున్నారు. నేను అంటే 'నా', నువ్వు అంటే 'నొ'. తమిళంతోనూ తెలుగుతోనూ కొరియన్‌కు సంబంధం ఉందని చాలామంది అంటున్నారు. నిజమెంత?

ఈ మాట ఇప్పటిది కాదు. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్ వ్యాకరణాన్నీ ద్రావిడ భాషల వ్యాకరణాన్నీ పోలుస్తూ ఏకంగా పుస్తకమే వేశాడు. భాషాశాస్త్రం దాన్ని ఒప్పుకోలేదు. ఎందుకో మీరిచ్చిన నాలుగు మాటలతోనే చూద్దాం.

అమ్మా నాన్నల పేర్లు చుట్టరికానికి సాక్ష్యంగా అసలు పనికిరావు. పసిబిడ్డ పెదవులు కలిపి తీస్తే వచ్చేవి మ, ప, బ. నాలుక కొన పళ్ళకు తగిలితే వచ్చేవి త, ద, న. నోరు తెరిస్తే వచ్చే అచ్చు 'అ'. బిడ్డ ఆడుకుంటూ తీసే ఈ శబ్దాలకు పక్కనున్న పెద్దవాళ్ళు తమ పేర్లు తగిలించుకుంటారు. పాలు తాగుతూ, నోరు మూసి ఉన్నప్పుడు ముక్కుతో వచ్చే మూలుగు 'మ్' లాంటిదే కాబట్టి మకారం ఎక్కువసార్లు తల్లి వంతుకొస్తుందని భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1960లో అచ్చయిన వ్యాసంలో వివరించాడు. ఎక్కువసార్లే గాని ప్రతిసారీ కాదు. జార్జియన్‌లో 'మామా' అంటే తండ్రి, 'దేదా' అంటే తల్లి. ప్రాచీన జపనీస్‌లో తల్లిని 'పాపా' అనేవారు. పకారం హకారమై అదే నేడు 'హాహా'.

మన 'అత్త' ఇంకా విచిత్రం. గోతిక్ (జర్మన్, ఇంగ్లీషుల కుటుంబంలోని పాత భాష) బైబిల్లో, 4వ శతాబ్దంలో, 'అత్త' అంటే తండ్రి. ప్రభువు ప్రార్థన మొదలయ్యేదే 'అత్త ఉన్సర్' (మా తండ్రీ) అని. నేటి టర్కీ ప్రాంతపు ప్రాచీన భాష హిట్టైట్‌లో 'అత్త' తండ్రి, టర్కిష్‌లో 'అతా' తండ్రి, బాస్క్‌లో 'అయితా' తండ్రి. తెలుగు 'అన్న' టర్కిష్ వాళ్ళ చెవికి అమ్మ, వాళ్ళ 'అన్నె' అంటే తల్లి మరి. మన 'నాన్న'ను ఇటలీలో పలికితే ఇంచుమించు అమ్మమ్మ, అంటే 'నొన్నా' అవుతుంది. నాలుగైదు శబ్దాలతో ప్రపంచంలోని చుట్టరికాలన్నీ నింపాలంటే ఇలాగే ఉంటుంది.

ఇక సర్వనామాలు. 'నా', 'నేను' కలిశాయనుకుంటున్నారు కదా. తెలుగు కావ్యాలు తిరగేసినవాళ్ళకు 'ఏను' తెలుసు. పాత తెలుగులో 'ఏను', పాత తమిళంలో 'యాన్'. ముందున్న 'న' తర్వాత వచ్చి చేరింది. వెనక్కి వెళ్ళేకొద్దీ పోలిక చెదిరిపోతోంది. నిజమైన చుట్టరికం దీనికి తలకిందులుగా నడుస్తుంది, వెనక్కి వెళ్ళేకొద్దీ పోలిక బలపడుతుంది. కొరియన్‌లో నీరు 'ముల్', కన్ను 'నున్', చెయ్యి 'సొన్', రెండు 'తుల్', మూడు 'సెత్' అని కూడా చూసుకుంటే ఇక చెప్పేదేం లేదు.

ప్రశ్న: సరిగా వినబడనప్పుడు 'ఆఁ?' అంటాం. పరాయి భాషలవాళ్ళూ అదే అంటున్నారు. ఇదీ యాదృచ్ఛికమేనా?

ఇది మాత్రం యాదృచ్ఛికం కాదు, అలాగని చుట్టరికమూ కాదు. మార్క్ డింగెమాన్సే, ఆయన సహచరులు 2013లో ప్రకటించిన పరిశోధనలో 31 భాషలు చూసి, అన్నిటిలోనూ ఈ మాట ఇంచుమించు ఒకేలా ఉందని తేల్చారు. అవతలివాళ్ళ మాట ఆగేలోపు, ఆలోచించకుండా, ప్రశ్నలా వినిపించే కురచ శబ్దం కావాలి. నాలుకను కదపకుండా నోరు తెరిస్తే వచ్చేది ఇదొక్కటే. నీళ్ళలో బతికే జీవులు వేర్వేరు జాతులవైనా ఒకే ఆకారానికి వచ్చినట్టు, వేర్వేరు భాషలు ఒకే శబ్దానికి చేరాయి.

ప్రశ్న: ఇంగ్లీషుకూ ద్రావిడ భాషలకూ కలిసే మాటలు 60 పోగుచేశాను. 'ఎయిట్', తమిళ 'ఎట్టు'; 'వన్', మలయాళ 'ఒన్ను'; 'కట్', 'కత్తి'; 'కిల్', తమిళ 'కొల్'. ఒకటీ రెండూ అయితే సరే, ఇన్ని కూడా యాదృచ్ఛికమా?

60 తక్కువ. మీరు సాగదీసిన తీరును బట్టి ఇంకా చాలా దొరకాలి. లెక్క వేద్దాం.

పోలిక చూసేటప్పుడు మనం అచ్చులను దాదాపు పట్టించుకోం, రెండు హల్లులు కలిస్తే చాలనుకుంటాం. ఒక్కో భాషలో 14 హల్లులున్నాయని, అన్నీ సమానంగా వాడతారని అనుకోండి (నిజానికి కొన్ని ఎక్కువ వాడతారు కాబట్టి యాదృచ్ఛికాలు ఇంకా పెరుగుతాయి). ఒక అర్థానికి రెండు భాషల్లోని మాటలకూ మొదటి హల్లు కలిసే అవకాశం 14లో 1. రెండోదీ కలవాలంటే 196లో 1. 1000 అర్థాలు పోలిస్తే ఏ సంబంధం లేని భాషల్లోనూ 5 జోడీలు ఊరికే దొరుకుతాయి.

ఇప్పుడు సడలింపు మొదలెడదాం. 'క'కు 'గ', 'చ' కూడా చెల్లుతాయి అన్నారనుకోండి. ప్రతి హల్లుకూ 3 చెల్లితే అవకాశం 196లో 9. అంటే 1000కి 46. అర్థంలోనూ సడలింపు ఇచ్చి, 'కోయడం' పక్కన 'కత్తి', 'చంపు', 'గాయం', 'పదును' అంటూ ఒక్కో మాటకు 5 అర్థాలు ఒప్పుకుంటే 46 కాస్తా 230 అవుతుంది. ఒక్క తమిళంతో కాకుండా మలయాళం, తెలుగు, కన్నడం నాలుగింటిలో ఏది కలిస్తే దాన్ని తీసుకుంటే ఇంకా పెరుగుతుంది. మీ జాబితాలోనే ఒకచోట తమిళం, ఒకచోట మలయాళం ఉన్నాయి.

ఇక మీ అంకెలు. 'ఎయిట్' పాత ఇంగ్లీషులో 'ఎయఖ్త', గోతిక్‌లో 'అఖ్తౌ', లాటిన్‌లో 'ఒక్తో', సంస్కృతంలో 'అష్ట'. వెనక్కి వెళితే మధ్యలో కకారం బయటపడుతోంది. తమిళ 'ఎట్టు' వెనక్కి వెళితే ణకారం బయటపడుతుంది: కన్నడం 'ఎంటు', తెలుగు 'ఎనిమిది', 'ఎనభై'. ఒకటి క వైపు, ఇంకొకటి ణ వైపు వెళ్ళిపోయాయి. 'వన్'లోని వకారమూ తర్వాతి కాలపుదే. పాత ఇంగ్లీషు 'ఆన్', జర్మన్ 'ఐన్'. 'అలోన్', 'ఓన్లీ' అనే మాటల్లో వకారం లేకుండా పాత పలుకుబడే మిగిలింది.

రూపమూ అర్థమూ అక్షరం పొల్లుపోకుండా కలిసినా నమ్మకూడదనడానికి ఈ రంగంలో పేరుమోసిన ఉదాహరణ ఒకటుంది. ఆస్ట్రేలియాలో ఉత్తర క్వీన్స్‌లాండ్‌కు చెందిన ంబబరం భాషలో కుక్కను 'డాగ్' అంటారు. ఇంగ్లీషువాళ్ళ దగ్గర నేర్చుకున్నది కాదు. చుట్టుపక్కల భాషల్లో చూస్తే యిదిఞ్‌లో కుక్క 'గుదగ', జిర్బల్‌లో 'గుద'. ంబబరంలో మాటల మొదటి భాగం రాలిపోతుంది; ముందు గకారం ఉన్న మాటల్లో తర్వాతి 'అ' కాస్తా 'ఒ' అవుతుంది; చివరి అచ్చు పోతుంది. 'గుదగ' ఈ మూడు మెట్లూ దిగి 'దొగ్' అయింది. భాషాశాస్త్రవేత్త ఆర్. ఎం. డబ్ల్యు. డిక్సన్ దీన్ని రికార్డు చేసి, విప్పి చూపించాడు. ఇంగ్లీషులో పాత మాట 'హుండ్'. 'డాగ్' ఆ తర్వాత పైకొచ్చింది.

పొడుగు మాటలైతే నమ్మొచ్చా అంటారేమో. హవాయి భాషలో పూజారి 'కహునా', హీబ్రూలో పౌరోహిత్యం 'కెహునా'. మూడు అక్షరాలూ కలిశాయి. కానీ హవాయిలోని 'క' పాత 'త' నుంచి వచ్చింది, 'న'లో కొంత పాత 'ఙ' ఉంది. న్యూజీలాండ్ మావోరీలో అదే మాట 'తొహుఙ'. మనిషి మావోరీలో 'తఙత', హవాయిలో 'కనక'. 'తొహుఙ' అని విన్నప్పుడు హీబ్రూ ఎవరికీ గుర్తురాదు.

ప్రశ్న: హిందీలో 'శిక్షా మంత్రి' అంటే విద్యామంత్రి. తెలుగులో శిక్ష అంటే దండన. ఇవి రెండు వేరు మాటలా?

ఒకటే మాట, సంస్కృతం నుంచి ఇద్దరూ విడివిడిగా తెచ్చుకున్నారు. నేర్పడం, క్రమశిక్షణలో పెట్టడం, దండించడం అనే వరసలో తెలుగు చివరి మెట్టు మీద ఆగింది. అసలు అర్థం 'శిక్షణ'లో ఉండనే ఉంది. ఇలాంటివి తెలుగు నుంచి హిందీకి అనువాదం చేసేవాళ్ళను తరచు బోల్తా కొట్టిస్తాయి. తెలుగు 'ఉపన్యాసం' ప్రసంగం, హిందీ 'ఉపన్యాస్' నవల. తెలుగు 'ఆలోచన' యోచన, హిందీ 'ఆలోచనా' విమర్శ. తెలుగు 'అవసరం' అక్కర, హిందీ 'అవసర్' అవకాశం, తమిళ కన్నడాల్లో అదే మాట తొందర. 'రాజీనామా' పారసీకంలో ఒప్పుదల పత్రం. తెలుగులో ఉద్యోగం వదులుకునే కాగితం అయి కూర్చుంది.

ప్రశ్న: వినడానికి కలిసినవి చుట్టాలు కావంటున్నారు. మరి చుట్టాలు ఎలా ఉంటాయి?

చాలాసార్లు ఏమాత్రం కలవకుండా ఉంటాయి. చుట్టరికాన్ని పట్టించేది పోలిక కాదు, తేడాలోని క్రమం.

తెలుగు, కన్నడం పక్కపక్కన పెట్టండి. పాలు–హాలు, పులి–హులి, పంది–హంది, పాము–హావు, పువ్వు–హూవు, పల్లు–హల్లు. ఒక్క జోడీ చూస్తే ఏమీ లేదు. వరసగా చూస్తే మొదటి పకారం ప్రతిచోటా హకారం అయింది. పాత కన్నడ శాసనాల్లో పకారమే ఉంది. సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'పుస్తక', 'పండిత'ల్లో మాత్రం చెక్కుచెదరలేదు. ఇంకో వరస: తెలుగు చెవి–కన్నడం కివి, చెరువు–కెరె, చిరు–కిరు. ఇక్కడ పాత కకారాన్ని కన్నడం దాచుకుంది, మనం చకారం చేసుకున్నాం. మూడో వరసలో అక్షరాలే చోటు మారతాయి: తమిళ ఉరల్ మన రోలు, మరం మన మ్రాను, అవర్ మన వారు, ఇరండు మన రెండు. 'ఉరల్', 'రోలు' ఒకటేనని చెవి ఎప్పటికీ చెప్పదు. 1816లో మద్రాసులోని ఇంగ్లీషు అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దక్షిణాది భాషలు సంస్కృతం బిడ్డలు కావు, వేరే కుటుంబం అని అచ్చులో వాదించినప్పుడు పట్టుకున్నది కూడా ఇలా భాషలను వరసగా పేర్చి పోల్చే పద్ధతినే.

బయట కూడా అంతే. ఇంగ్లీషు 'వీల్', సంస్కృత 'చక్ర' ఒకే మాట బిడ్డలు. అర్మేనియన్‌లో రెండు 'ఎర్కు'. అది సంస్కృత 'ద్వి', లాటిన్ 'దుఓ'లకు సొంత తోబుట్టువు. పాత 'ద్వ' అక్కడ 'ఎర్క' అవుతుందని ఫ్రెంచి భాషాశాస్త్రవేత్త ఆంత్వాన్ మెయ్యె చూపించాడు. పొడవు అనే అర్థమున్న 'ఎర్కార్'లోనూ అదే మార్పు. దీనికి ఎదురుగా జర్మన్ 'హాబెన్', లాటిన్ 'హబేరె' చూడండి. రెండూ 'కలిగి ఉండడం', కవలపిల్లల్లా ఉంటాయి. కానీ లాటిన్ కకారానికి జర్మన్‌లో రావలసింది హకారం: కెంతుం–హుందెర్ట్ (వంద), కానిస్–హుంద్ (కుక్క), కొర్ను–హోర్న్ (కొమ్ము). ఆ లెక్కన 'హాబెన్'కు జోడీ 'పట్టుకొను' అనే అర్థమున్న 'కపేరె' అవుతుంది. 'హబేరె'తో అది కేవలం ఇంటిపేరు కలిసినట్టు.

ప్రశ్న: ఇలాంటి మాట తగిలినప్పుడు సొంతంగా తేల్చుకోవడం ఎలా? ఏ నిఘంటువు చూడాలి?

ముందు తెలుగు మాట ఇంటిదా, ఎరువుదా తేల్చండి. శబ్దరత్నాకరం (1885) ప్రతి మాట పక్కనా సంస్కృతమా, వైకృతమా (వేరే భాష నుంచి రూపం మారి వచ్చినదా), దేశ్యమా (ఇంటి మాటా) అనే పొడి అక్షరాల గుర్తు వేస్తుంది. సంస్కృతమని తేలితే ఇంగ్లీషు, గ్రీకు, పారసీకాలతో కలవడంలో ఆశ్చర్యం లేదు, అవన్నీ ఒక కుటుంబమే. ఈ మొదటి మెట్టు దగ్గరే సగం ప్రశ్నలు తేలిపోతాయి.

దేశ్యమైతే బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, సవరించిన కూర్పు 1984) తీయండి. అయిదున్నర వేల ఆరోపాలున్నాయి (ఆరోపం అంటే నిఘంటువులో ఒక మాటకు, దాని చుట్టాలకు కేటాయించిన పద్దు). షికాగో విశ్వవిద్యాలయం దాన్ని అంతర్జాలంలో ఉచితంగా ఉంచింది. కొత్తవాళ్ళు ఇక్కడ తడబడే చోటు ఒకటుంది. ఆరోపం తమిళ మాటతో మొదలవుతుంది, తమిళంలో లేకపోతేనే తర్వాతి భాష. అందుకే 'రోలు' కోసం రకారం దగ్గర వెతికితే దొరకదు, 'ఉరల్' కింద ఉంటుంది. పుస్తకం చివర భాషలవారీ సూచికలో తెలుగు మాట పట్టుకుని, ఆరోపం సంఖ్యతో లోపలికి వెళ్ళాలి. మాట ఎన్ని భాషల్లో ఉందో లెక్కపెట్టండి. దూరంగా ఉన్న భాషల్లోనూ ఉంటే పాతది. తెలుగులో మాత్రమే ఉంటే ఎరువేమోనని అనుమానించాలి.

ఆ తర్వాత అవతలి భాషలోని మాటను విప్పండి. మనవాళ్ళు దాదాపు ఎప్పుడూ వదిలేసే పని ఇది. ఉదాహరణకు 'నామం', ఇంగ్లీషు 'నేమ్', జపనీస్ 'నమఎ' మూడూ పేరే. మొదటి రెండూ నిజంగా తోబుట్టువులు. మూడోది 'న' (పేరు), 'మఎ' (ముందు) అనే రెండు మాటల అతుకు. అతుకు విప్పగానే మకారం పోయింది, పోలికా పోయింది. అలాగే జపనీస్ 'అరిగతో', పోర్చుగీస్ 'ఒబ్రిగాదో' రెండూ కృతజ్ఞతలే కాబట్టి, పోర్చుగీసువాళ్ళే నేర్పారని చాలామంది నమ్ముతారు. వాళ్ళు జపాన్ చేరింది 1543లో. 'అరిగతో'కు మూలమైన 'అరిగతాషి' (ఉండడం అరుదైనది) అంతకు ఎన్నో శతాబ్దాల ముందే రాతల్లో ఉంది. తేదీ ఒక్కటి చూస్తే చాలు.

ఎరువు మాట అనుకుంటే దారి పొడవునా మజిలీలు కనబడాలి. మన 'కబురు', ఇండొనేషియన్ 'కబర్', స్వాహిలి 'హబరి' మూడూ వార్తలే, మూడూ అరబిక్ 'ఖబర్' నుంచి వచ్చాయి. 'కలం', స్వాహిలి 'కలము' కూడా అంతే, అరబిక్ వెనక గ్రీకు 'కలమోస్' (రెల్లు) ఉంది. నారింజకు పారసీకం 'నారంగ్', అరబిక్ 'నారంజ్', స్పానిష్ 'నరంహ' అని ప్రతి మజిలీ దొరుకుతుంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్ళిన 'పందికొక్కు' కూడా ఈ పరీక్షలన్నీ నెగ్గుతుంది: రెండు ముక్కల మాట రెండు ముక్కలుగానే 'బ్యాండికూట్' అయింది, జంతువూ అదే. ఆ పేరు అక్కడితో ఆగక ఆస్ట్రేలియా చేరి, సంచిలో పిల్లలను మోసే ఇంకో చిన్న జంతువుకు అంటుకుంది. దానికీ మన పందికొక్కుకూ జంతుశాస్త్రంలో ఎలుకలనీ కంగారూలనీ కలిపినంత చుట్టరికమే.